12 వోల్టులను 5కు దించే లెక్క విద్యార్థులే వేయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రాజెక్టుల గడువు దగ్గరపడగానే కావలి చుట్టుపక్కల పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థులు మా ఎలక్ట్రానిక్స్ దుకాణంలో మొదట అడిగేది బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను 5 వోల్టులకు దించే రెడీమేడ్ బోర్డు. బోగోలు, అల్లూరు వైపు రొయ్యల చెరువుల గట్టున నీటి ఉష్ణోగ్రతను కొలిచి, హద్దు దాటితే అలారం మోగించే పరికరం చేస్తున్నామంటారు. ఆలోచన మెచ్చదగినదే గాని, ఆ 5 వోల్టులు ఎలా వస్తాయని అడిగితే, బోర్డు మీది స్క్రూ తిప్పితే వస్తాయనే జవాబు వస్తోంది.

కొందరు ఇప్పటికీ నిలకడగా 5 వోల్టులిచ్చే 7805 అనే రెగ్యులేటరు ఐసీతో సరిపెడుతున్నారు. పరికరం అర ఆంపియరు తీసుకుంటే అది వాడుకునేది రెండున్నర వాట్లు, రెగ్యులేటరు వేడిగా పారబోసేది మూడున్నర వాట్లు. లెక్క ప్రకారం 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 14 గంటలకు మించి రాదు. అదే కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజీ దించే స్విచింగ్ పద్ధతిలో 85 శాతం సామర్థ్యం సాధిస్తే దాదాపు 28 గంటలు వస్తుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో మబ్బు విడవక, సోలార్ ప్యానెల్ మొండికేసే మన జిల్లాలో ఈ తేడా చిన్నది కాదు.

డిప్లొమా విద్యార్థికి అందని లెక్క కాదిది. స్విచ్ ఎంతసేపు ఆన్‌లో ఉండాలో 5ను 12తో భాగిస్తే తెలుస్తుంది, సుమారు 42 శాతం. ఛార్జింగులో బ్యాటరీ 14.4 వోల్టులకు పెరిగితే అది 35 శాతానికి తగ్గాలి; ఆ సర్దుబాటు ఐసీయే చూసుకుంటుంది. ఆ ఆన్, ఆఫ్‌ల మధ్య కరెంటును సాఫీ చేసే కాయిల్‌ను మాత్రం మనమే ఎంచుకోవాలి. 150 కిలోహెర్ట్జ్‌తో, అంటే సెకనుకు లక్షన్నర సార్లు స్విచ్ అవుతూ నడిచే ఎల్ఎం2596 ఐసీ తీసుకుని, కాస్త మిగులు ఉంచుకుని 1 ఆంపియరు లోడుకు, కరెంటు హెచ్చుతగ్గు 0.3 ఆంపియరు దాటకూడదనుకుంటే కాయిల్ విలువ సుమారు 65 మైక్రోహెన్రీలు వస్తుంది. బజారులో 68 దొరుకుతుంది. కరెంటు 1.15 ఆంపియర్లకు చేరినప్పుడు కూడా దాని కోర్ శాచురేట్ కాకూడదు, అంటే అయస్కాంత శక్తిని ఇక పట్టలేని స్థితికి చేరకూడదు. స్విచ్ ఆఫ్ అయినప్పుడు కరెంటుకు దారి ఇచ్చే డయోడు విషయంలో చవకని 1ఎన్4007 పెడితే అది 50 హెర్ట్జ్ కరెంటుకు చేసినది కాబట్టి ఈ వేగానికి తట్టుకోలేక వేడెక్కి కాలిపోవచ్చు. 1ఎన్5822 వంటి, వేగంగా స్విచ్ అయ్యే షాట్కీ డయోడు కావాలి.

మొన్న ఒక కుర్రవాడు తెచ్చిన బ్రెడ్‌బోర్డులో (సోల్డరింగ్ లేకుండా భాగాలను గుచ్చే బోర్డు) ఇన్‌పుట్ కెపాసిటర్ ఒక చివర, ఐసీ మరో చివర, నడుమ జానెడు తీగలు ఉన్నాయి. మల్టీమీటరు చక్కగా 5 వోల్టులే చూపింది, వోల్టేజీ హెచ్చుతగ్గులను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోపు పెడితే స్విచ్ ఆన్ అయినప్పుడల్లా, ఆఫ్ అయినప్పుడల్లా ముళ్లలా స్పైకులు లేచాయి. కెపాసిటర్, ఐసీ, డయోడు మూడూ పక్కపక్కన ఉండేలా డాట్ బోర్డు మీద సోల్డర్ చేశాక అవి చాలావరకు అణిగాయి.

రెడీమేడ్ బోర్డు వాడటం తప్పని నేననను. నేను అమ్ముకునేదీ అదే. అయితే పైన ఎల్ఎం2596 అని అచ్చు వేసి ఉన్నా 50 కిలోహెర్ట్జ్ దగ్గరే నడిచే ఐసీలు అలాంటి బోర్డుల మీద వస్తున్నాయి. అప్పుడు అదే కాయిల్‌లో హెచ్చుతగ్గు మూడింతలవుతుంది, కొలిచి చూడనివారికి ఆ సంగతే తెలియదు.

కనుక ప్రాజెక్టు నివేదికలో కాయిల్ లెక్క ఒక పేజీ, ఆసిలోస్కోపు తెర ఫోటో ఒకటి ఉంటేనే మార్కులు వేయాలని అధ్యాపకులను కోరుతున్నాను. ప్రాజెక్టుల నెలల్లో సాయంత్రం పూట కూడా కళాశాలల్లో ల్యాబు తెరిచి ఉంచాలి. సోల్డరింగ్ నేర్పేందుకు పిలిస్తే నావంటి మెకానిక్కులం వస్తాం.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణదారు,
కావలి, నెల్లూరు జిల్లా.