ఇంటర్ పిల్లల దరఖాస్తులు నెట్ సెంటర్ల పాలు

సంపాదకుడు గారికి,

నేను మక్తల్‌లో నెట్ సెంటర్ నడుపుతాను. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మా దుకాణానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంటర్ రెండో ఏడాది పిల్లలే. వాళ్ల మార్కుల గురించి, ర్యాంకుల గురించి మీ పత్రికలో రోజూ చదువుతున్నాం. ఆ ర్యాంకు దాకా పోవాలంటే ముందు నింపాల్సిన ఫారాల గురించి మాత్రం ఎవరూ రాయడం లేదు.

2025 సంగతే చూడండి. మన తెలంగాణలో ప్రాక్టికల్స్ ఫిబ్రవరి 3 నుంచి 22 వరకు జరిగాయి. జేఈఈ మెయిన్ రెండో విడత దరఖాస్తుకు ఫిబ్రవరి 25 ఆఖరు. రెండో ఏడాది రాతపరీక్షలు మార్చి 6న మొదలైతే, నీట్ దరఖాస్తు గడువు మరునాడే, 7న ముగిసింది. నీట్ ఫారంలో తప్పులు దిద్దుకోవడానికి ఇచ్చిన రోజులు 9 నుంచి 11, అంటే సరిగ్గా పరీక్షల నడుమ. రాష్ట్ర ఇంజనీరింగ్, ఫార్మసీ సీట్లకు పెట్టే ఎప్‌సెట్ దరఖాస్తులూ ఆ నెలలోనే. ఒక సంస్థ తేదీలు వేసేటప్పుడు పక్క సంస్థ తేదీలు చూస్తుందనే నమ్మకం నాకైతే లేదు. పొద్దున పరీక్ష రాసిన పిల్ల హాల్‌టికెట్ చేతిలో పట్టుకుని మధ్యాహ్నం మా బెంచీ మీద కూర్చుంటుంది. మరునాటి పేపర్‌కు చదువుకోవాల్సిన సమయం అది.

కార్పొరేట్ కాలేజీల్లో ఫారాలు నింపడానికి మనుషులుంటారు. సర్కారు జూనియర్ కాలేజీ పిల్లలకు ఆ పని చేసేది మాలాంటి దుకాణాలే. మా వైపు తండ్రులు చాలామంది ముంబై, పుణెల్లో కూలి పనుల్లో ఉంటారు. ఓటీపీ ఆయన ఫోనుకు పోతుంది. ఆయన సెంట్రింగ్ మీద నుంచి దిగి చూసుకునేసరికి దాని గడువు తీరిపోతుంది. మళ్లీ పంపు, మళ్లీ ఫోన్ చెయ్యి. విసుగొచ్చి కొందరు దుకాణదారులు సొంత నంబరు, సొంత ఈమెయిల్ కొట్టేస్తారు. పని అప్పటికి అయిపోతుంది. కౌన్సెలింగ్ నాటికి ఆ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. జేఈఈ మెయిన్ దిద్దుబాటు గడువులోనైనా సరిచేసుకుందామంటే ఫోను నంబరు, ఈమెయిల్ మార్చుకోనివ్వరు.

పేరు సంగతి మరొకటి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. రెండూ కలవక ఆధార్ సెంటర్ చుట్టూ తిరిగేవాళ్లున్నారు. ఇది తొమ్మిదో తరగతిలోనే బడిలో చూసుకోవాల్సిన పని.

అన్నిటికన్నా పిల్లలు నష్టపోయేది సర్టిఫికెట్ల దగ్గర. మీసేవలో తీసుకున్న మామూలు కుల ధ్రువపత్రం రాష్ట్ర కౌన్సెలింగ్‌కు పనికొస్తుంది కాబట్టి కేంద్రం నడిపే ఇంజనీరింగ్ కాలేజీలైన ఎన్‌ఐటీలకూ అదే చాలనుకుంటారు. చాలదు. అక్కడ కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (కుటుంబం సంపన్న శ్రేణిలోకి రాదని చూపే) సర్టిఫికెట్ కావాలి. అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. రిజర్వేషన్ లేని కులాల పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కూ అంతే. నవంబరులో ఫారం చూసి భయపడి, తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకున్న కాగితం జూన్‌లో ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్‌కు చెల్లదు. పైగా రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. ఈ ముక్క చెప్పే దిక్కులేక ఓబీసీ గడిలో టిక్కు పెట్టి, తీరా సీటు దగ్గర జనరల్‌లో లెక్కకు వచ్చేవాళ్లున్నారు. ఆ పిల్లలకు మార్కులు తక్కువై కాదు.

పిల్లలే నేర్చుకోవాలి, ఫోన్లలో అన్నీ తెలుస్తాయి కదా అనేవాళ్లున్నారు. రీల్స్ చూడటం వేరు, ఇరవై పేజీలకు పైబడి ఇంగ్లిషులో ఉండే సమాచార బులెటిన్ చదివి అర్థం చేసుకోవడం వేరు. డిగ్రీ చదివి ఏళ్లుగా ఇదే పని చేస్తున్న నేనే ఒక్కో నిబంధన రెండుసార్లు చదువుకుంటాను.

ప్రతి సర్కారు జూనియర్ కాలేజీలో ఒక లెక్చరర్‌కు ఈ బాధ్యత అప్పజెప్పి, ఆ మేరకు క్లాసుల భారం తగ్గించాలి. కాలేజీ కంప్యూటర్ మీద, పిల్లల సొంత ఈమెయిల్‌తో, ఆయన ఎదుటే ఫారాలు నింపించాలి. తహసీల్దార్ సిబ్బంది ఏప్రిల్ మొదటి వారంలో ఒక రోజు కాలేజీకి వచ్చి నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ దరఖాస్తులు తీసుకోవాలి. ఓటర్ల నమోదుకు కాలేజీలకు వస్తున్న రెవెన్యూ వాళ్లు దీనికి రాలేరా? ఇవన్నీ జరిగితే మా గిరాకీ పడిపోతుంది, అది నాకు తెలుసు. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు ఉన్నాయి, బతుకుతాం.

ఇక తేదీల విషయం. నీట్, జేఈఈ తేదీలు ఢిల్లీలో వేస్తారు, మన చేతిలో లేవు. ఎప్‌సెట్, ఇంటర్ బోర్డు రెండూ మన రాష్ట్రానివే. కనీసం రాతపరీక్షలు జరిగే రోజుల్లో ఎప్‌సెట్ దరఖాస్తులు పెట్టకుండా చూడవచ్చు. జేఈఈ జనవరి విడత ఫారాలు అక్టోబరు చివరి నుంచే వస్తాయి కాబట్టి, కాలేజీలకు ఇవ్వాల్సిన ఉత్తర్వులు దసరా సెలవులకు ముందే ఇవ్వాలని ఇంటర్ బోర్డు అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
మక్తల్, నారాయణపేట జిల్లా