మంత్రి గారూ, లోతు మిషన్ పెట్టించారు సరే, లోతు ఎవరు చెప్తారండి?

పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను గండిపోచమ్మ దగ్గర నుంచి గోదారి మీద పాపికొండలకు టూరిస్టుల్ని తీసుకెళ్ళే ఒక లాంచీకి సరంగుని, అంటే నడిపేవాణ్ణి. సగం ఓనర్ని కూడా, మిగతా సగం మా బావది. లోతు మిషన్ల గురించి, అంటే నీళ్ళలోకి శబ్దం పంపి అది అడుగున తగిలి తిరిగొచ్చేదాన్ని బట్టి లోతు చెప్పే పరికరాల గురించి, ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ సోమవారం అర్జీల్లో ఇచ్చాను. మూడింటికీ "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. నా సమస్య తీరిపోయిన సంగతి నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది. అందుకే ఈసారి నలుగురూ చూసేలా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

విషయం మీకు తెలిసిందే కాబట్టి మొదట్నుంచీ చెప్పను. తనిఖీకి వచ్చిన మీ వాళ్ళ కాగితంలో లైఫ్ జాకెట్ల గడి, మంటలార్పే సిలిండర్ గడి అయ్యాక లోతు చూపించే పరికరం గడి ఒకటుంది. ఉందా లేదా, అంతే. ఏ రకం, ఎక్కడ బిగించాలి, ఎవరు చూడాలి, చూసి ఏం చెయ్యాలి అన్నదానికి గడి లేదు. నేను ఆ అధికారిని అడిగాను, "సార్, ఏది కొనమంటారు?" అని. "ఏదో ఒకటి పెట్టవయ్యా, వెలిగితే చాలు" అన్నారు. ఆయన మంచాయనే లెండి, పాపం ఆయనకీ ఎవరూ చెప్పలేదు.

ఏదో ఒకటి కొన్నాను. అక్కడ మొదలైంది.

దుకాణం అబ్బాయి బోటు అడుగుకి రంధ్రం పెట్టక్కర్లేదు, లోపల్నుంచే జిగురుతో అంటించెయ్యొచ్చు అన్నాడు. ముప్పై రెండు వేలు పెట్టి కొని, సెన్సారుని అడుగున అంటించి, రాత్రంతా ఆరబెట్టి పొద్దున్నే ఆన్ చేస్తే రెండు గీతలు తప్ప ఏమీ లేదు. వారం రోజులు తల బాదుకున్నాక కాకినాడలో వేటబోట్ల దగ్గర పనిచేసే ఒక మెకానిక్ చెప్పాడు: లోపల అంటించేది గట్టి ఫైబర్ బోటుకే పనిచేస్తుందంట, ఇనుప రేకులోంచీ చెక్కలోంచీ శబ్దం సరిగ్గా దాటదంట. మాది ఇనుప లాంచీ. మా రేవులో సగం పైన ఇనుపవే. ఈ ఒక్క వాక్యం మీ శాఖ ఒక కాగితం మీద అచ్చేసి రేవులో అంటించి ఉంటే నా జిగురు డబ్బులైనా మిగిలేవి.

తర్వాత అమరం (బోటు వెనక) వైపు, నీళ్ళు తోసే ఫ్యాన్‌కి పక్కన బిగించాం. లంగరేసి ఉన్నప్పుడు భేషుగ్గా చూపించేది. ఇంజిన్ అందుకోగానే అంకె ఎగిరిపోయి 3, 88, 3, మళ్ళీ ఏమీ లేదు. ఫ్యాన్ చిలికిన గాలిబుడగల్లోంచి శబ్దం కిందకి పోదు మరి. అంటే బోటు ఆగి ఉంటే లోతు తెలుస్తుంది, నడిస్తే తెలీదు. ఆగి ఉన్న బోటుకి లోతుతో ఏం పనండీ? ఆఖరికి ఫ్యాన్‌కి బాగా ముందుగా, పక్క అంచుకి ఇనుప పైపు దింపి దాని చివర బిగించాక దారికొచ్చింది. కరెంటు కూడా ఇంజిన్ సెల్ఫ్ బ్యాటరీ నుంచి ఇస్తే సెల్ఫ్ కొట్టినప్పుడల్లా తెర ఆరిపోయి మళ్ళీ మొదటికొచ్చేది. వేరే బ్యాటరీ, మధ్యలో ఫ్యూజు, ఇంకో ఏడు వేలు.

ఇదంతా ఎవరో ఒకరు చెప్పాల్సిన విషయం కాదాండీ? మా రేవులో ఒక్కొక్క బోటు వాళ్ళం ఒక్కొక్కళ్ళం విడివిడిగా ఇవే తప్పులు చేసి, ఇవే డబ్బులు పోసి, ఇదే నేర్చుకున్నాం.

సరే, బిగించాం. ఇప్పుడు చూడటం సంగతి. మా మిషన్ ఫ్యాక్టరీ నుంచి మీటర్లలో వచ్చింది. మా కళాసీ (లాంచీ పనివాడు) కుర్రాడు "తొమ్మిది" అని అరిస్తే నేను తొమ్మిది అడుగులనుకుని గేర్ తీసేశాను, వెనకొస్తున్న లాంచీ మమ్మల్ని రాసుకుంటూ పోయింది. పక్క బోటు వాళ్ళది ఫాథమ్‌లలో ఉంది. ఫాథమ్ అంటే మన బారే, ఆరడుగులు. మా తాత తాడుకి సీసం గుండు కట్టి బారల్లోనే చెప్పేవాడు. అంటే ఒకే రేవులో ఒక బోటు అడుగుల్లో, ఒకటి మీటర్లలో, ఒకటి బారల్లో. మైకులో ఒకళ్ళకొకళ్ళం "ముందు నాలుగే ఉంది, జాగ్రత్త" అని చెప్పుకుంటే దానికి అర్థం ఏంటో దేవుడికి తెలియాలి. అన్ని బోట్లూ అడుగుల్లోనే పెట్టుకోవాలి అని ఒక్క ముక్క ఆర్డరు వెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

ఇంకోటి, ఆ అంకె దేని నుంచి లెక్క? మాకు సెన్సారు నీళ్ళలో అడుగున్నర కింద ఉంటుంది. లాంచీ అడుగుభాగం మూడున్నర అడుగుల కింద ఉంటుంది. తెరమీద 5 అడుగులు ఉందంటే మా లాంచీ అడుగుభాగానికీ ఇసుకకీ మధ్య ఉన్నది మూడడుగులే. ఆ రెండడుగుల తేడా మిషన్‌లో నొక్కి పెట్టుకుంటే అడుగు కింద ఎంత మిగిలిందో సూటిగా చూపిస్తుంది. ఎంతమంది పెట్టుకున్నారో ఒకసారి రేవుకొచ్చి అడగండి. అలారం కూడా అంతే. తనిఖీ రోజు ఎవరో మూడడుగులకి పెట్టి వెళ్ళిపోయారు. మా సెన్సారు లెక్కన అది మోగేసరికి లాంచీ కింద మిగిలేది ఒక్క అడుగే. పక్క బోటులో ఎనభై అడుగులకి పెట్టారు, రోజంతా కీచుమంటుంటే వాళ్ళ కళాసీ స్పీకరులో గుడ్డ కుక్కాడు. గడిలో మాత్రం ఇద్దరికీ టిక్కు పడింది.

చేప బొమ్మల సంగతి చెప్పకపోతే ఉత్తరం పూర్తవదు. ఈ మిషన్లు అసలు చేపల వేటకోసం చేసినవి కదా, నీళ్ళలో ఏం తగిలినా చేప బొమ్మ వేసి చూపిస్తాయి. కొమ్మ తగిలినా చేపే, బుడగ తగిలినా చేపే. టూరిస్టు పిల్లలు నా క్యాబిన్‌లోకి దూరి "అంకుల్, పెద్ద చేప!" అంటుంటే వాళ్ళని బయటికి పంపడానికే నాకు సగం టైము సరిపోయేది. ఆ బొమ్మలు ఆపేసుకోవచ్చని నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది.

ఇక అసలు విషయానికొస్తాను, మిగతావన్నీ మేమే ఏడ్చుకుని ఎలాగో నేర్చుకున్నాం.

ఈ మిషన్ కింద ఉన్నదే చూపిస్తుంది మంత్రి గారూ. ముందున్నది చూపించదు. ముప్పై అడుగుల లోతులో అది చూసేది సుమారు పదడుగుల వెడల్పు గుండ్రమే, లోతు తగ్గేకొద్దీ ఆ గుండ్రమూ చిన్నదవుతుంది. తెరమీద కనిపించే గుట్ట మనకి ఎదురుగా ఉన్న గుట్ట కాదు, మనం అప్పుడే దాటేసిన గుట్ట. ముందుకి చూసే రకాలు కూడా ఉన్నాయంటారు, వాటి ధరకి నా సగం లాంచీ వస్తుంది. కాబట్టి దారి ముందే తెలిసి ఉండాలి, తెలిసిన దారిలోనే ఉన్నామా లేదా అని చూసుకోవడానికే ఈ మిషన్. ఆ దారే మాకు లేకుండా పోయింది.

ఒకప్పుడు గోదారి మాకు తెలుసు. ఏ లంక పక్కన ఇసుక మేట వేస్తుంది, ఎక్కడ రాయి ఉంది, ఎక్కడ సుడి, ఏ నెలలో ఏ ఒడ్డు పట్టుకుని పోవాలి, అన్నీ. 2021 జూన్‌లో నదిని పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వే మీదికి మళ్ళించాక పైన నీళ్ళు నిలబడిపోయాయి. ఊళ్ళు నీళ్ళ కిందికి వెళ్ళాయి. మరుసటి ఏడాది జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగుల వరద, 1986 తర్వాత అంత నీరు మేం చూడలేదు. తీసేసరికి మేటలన్నీ చోట్లు మారాయి. మా తాత గుర్తులు, మా నాన్న గుర్తులు, నా గుర్తులు, ఏవీ పనికిరావు.

పోయిన కార్తీకంలో ఒక పొద్దున జరిగింది చెప్తాను. దేవీపట్నం దాటాం. పైన డెక్కు మీద పాటలు, కింద టిఫిన్లు పెడుతున్నారు. తెరమీద 34, 33, 34 అడుగులని సాఫీగా పోతోంది, అడుగు గీత పలచగా ఉంది, అంటే ఒండ్రు. ఉన్నట్టుండి ఆ గీత లోంచి నిలువుగా ఒక సన్నటి కడ్డీ లేచింది. 12. ఆ వెంటనే 7. గేర్ తీసేశాను. అడుగున ఎక్కడో గర్రుమని, గోరుతో రేకు మీద గీసినట్టు, రెండు క్షణాలు. మళ్ళీ 33. పైన పాట ఆగలేదు, ఎవరికీ తెలీదు. నా చెమట మాత్రం ఆగలేదు. పక్కనున్న కళాసీ కుర్రాడు తెర వంకా ఒడ్డు వంకా కొండ వంకా చూసి, "బాబాయ్, అది మా తాటితోపు" అన్నాడు.

వాడిది ఆ మునిగిన ఊరే. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నారు. ఆ రోజు తిరుగు ప్రయాణంలో వాడు నా పక్కన నిలబడి వేలు పెట్టి చూపిస్తూ వచ్చాడు. ఇక్కడ బడి, ఇక్కడ నీళ్ళ ట్యాంకు, ఇక్కడ్నుంచి అక్కడిదాకా కరెంటు స్తంభాలు, ఇది రోడ్డు, రోడ్డు మీదుగా పోతే ఏమీ తగలదు బాబాయ్ అన్నాడు. నిజంగానే తగల్లేదు. ముప్పై రెండు వేల మిషన్ చెప్పలేనిది ఇరవై ఏళ్ళ కుర్రాడు చెప్పాడు.

అప్పట్నుంచీ నేను అడుగుతున్నది ఇదే. మూడు అర్జీల్లోనూ ఇదే. కాలనీల్లో ఉన్న ఆ ఊళ్ళ పెద్దల్ని నలుగుర్ని, మా సరంగుల్ని నలుగుర్ని, సర్వే చేసేవాళ్ళని ఒక బోటెక్కించండి. మునిగిన తోపులు, స్తంభాలు, గోడలు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించండి, తేలే బుయ్యలు వేయించండి, మ్యాపు ఒకటి గీయించి రేవులో పెట్టండి. పేరుకి మాది జాతీయ జలమార్గం నాలుగు, భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్లు. హైవే మీద గుంత ఉంటే ఎర్ర జెండా అయినా పాతుతారు కదండీ. ప్రతి వరద తర్వాతా లోతులు మళ్ళీ చూసి చెప్పేవాళ్ళు కావాలి మాకు. మిషన్ కాదు, చెప్పేవాళ్ళు.

కచ్చులూరు మాట ఎత్తకుండా ఈ ఉత్తరం రాయలేను. 2019 సెప్టెంబరు 15న అక్కడ టూరిస్టుల లాంచీ మునిగింది. ఆ లాంచీ లోతు తెలియక మునగలేదు, వరదలో నడపబట్టి మునిగింది, ఎంత మంచి మిషన్ ఉన్నా ఆ రోజు ఆగేది కాదు. అది మాకూ తెలుసు, మీకూ తెలుసు. మునిగాక మాత్రం అన్నీ వచ్చాయి. అడుగున ఉన్నదాన్ని బొమ్మ తీసి చూపించే సోనార్లు వచ్చాయి, వాటిని నడిపేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, రెండు వందల అడుగుల లోతున ఉందన్నారు. ముప్పై ఎనిమిదో రోజున కాకినాడ ధర్మాడి సత్యం గారి మనుషులు లంగర్లు, తాళ్ళు వేసి పైకి లాగారు. ఆ సోనారు పట్టుకుని ఎవరూ మునగని ఒక మామూలు రోజున గండిపోచమ్మ నుంచి పేరంటపల్లి దాకా ఒక్కసారి వచ్చి వెళ్ళమనండి. ఎంత ఖర్చవుతుంది? మా టికెట్టు డబ్బుల్లో మీకొచ్చే వాటాలో ఎంత?

నేనేమీ సబ్సిడీ అడగట్లేదు. ఇస్తే వద్దనను, అది వేరే సంగతి. ఒక రోజు ట్రైనింగ్ పెట్టమంటున్నాను, హోటల్లో ప్రొజెక్టర్ వేసి కాదు, రేవులో, బోటు మీద. ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు తెరంతా చుక్కలు కమ్మితే ఏ బటన్ తగ్గించాలి, రెండు బోట్లు పక్కపక్కన పోతే ఒకదాని శబ్దం ఒకదానికి అడ్డం పడి గీతలొస్తే ఏం చెయ్యాలి, రాయికీ ఒండ్రుకీ గీతలో తేడా ఏంటి, ఇవి చెప్పేవాళ్ళు. కాకినాడ వేటబోట్ల వాళ్ళకి ఇవన్నీ వచ్చు, వాళ్ళని పిలిచినా చాలు. దయచేసి. ఇంతకంటే ఎలా అడగాలో నాకు తెలీదు.

మ్యాపు అడిగాను కదా, మళ్ళీ అడుగుతున్నాను. మ్యాపు. బుయ్యలు. కార్తీకం రద్దీ మొదలవ్వకముందు.

ఇట్లు,
గండిపోచమ్మ రేవు నుంచి ఒక లాంచీ సరంగు

తా.క.: మొన్నటి తనిఖీలో మా లాంచీ రంగులేయడానికి ఒడ్డు మీద ఎక్కించి ఉంది. మీ వాళ్ళు మిషన్ ఆన్ చేయించి, "లోతు చూపించుట లేదు" అని రాసుకుని వెళ్ళారు. బోటు మళ్ళీ నీళ్ళలోకి దిగింది. ఒకసారి వచ్చి చూసి ఆ గడిలో టిక్కు పెట్టమని చెప్పగలరు.