సంక్రాంతి అయ్యాక నీస్‌కు వెళ్లండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో విదేశీ ప్రయాణాల పేజీని నేను వదలకుండా చదువుతాను. ఆ పేజీ చివర ఏ దేశానికి ఏ నెలల్లో వెళ్లాలో చెప్పే చిన్న పట్టిక ఉంటుంది. అందులో యూరప్ మొత్తానికి ఒకటే వరుస: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 'సీజన్', మిగతా నెలలన్నీ 'ఆఫ్ సీజన్'. నా అభ్యంతరం ఆ ఒక్క వరుస మీదే. ఉద్యోగమంతా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. నార్వేకీ, నీస్ నగరం ఉన్న ఫ్రాన్స్ దక్షిణ తీరానికీ ఒకే కాలం రాసేస్తే చూస్తూ ఊరుకోలేకపోయాను. పైగా ఆ వరుసను నమ్ముకుని పిల్లల దగ్గరికి వెళ్లే మా వయసు తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మా అబ్బాయి ఫ్రాన్స్‌లో ఆంటీబ్ పక్కన సోఫియా ఆంటిపోలిస్‌లో పనిచేస్తాడు. 1969లో పైన్ చెట్ల అడవి మధ్య మొదలుపెట్టిన టెక్నాలజీ పార్కు అది. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే కనిపిస్తారు. వాళ్ల అమ్మానాన్నలు దాదాపు అందరూ మే, జూన్ నెలల్లోనే వస్తారట. ఇక్కడి ఎండ తప్పించుకోవచ్చని ఒక లెక్క, ఏజెంట్లు అదే చెబుతారన్నది ఇంకో లెక్క. మేం జనవరి చివరికి టికెట్లు అడిగితే మా ఊళ్లో ఏజెంటు "అప్పుడెందుకు మేడమ్, అన్నీ మూసేసి ఉంటాయి, చలికి మీరు గుమ్మం దాటలేరు" అన్నారు. మా వారికి మోకాళ్ల నొప్పులు. ఆ మాటతో ఆయనకు టెన్షన్ పట్టుకుంది. నాకు మాత్రం తరగతి గదిలో బోర్డు మీద లెక్కలేనన్ని సార్లు రాసిన పాఠం గుర్తుంది: మధ్యధరా ప్రాంతంలో వేసవి పొడిగా ఉంటుంది, చలికాలం తేలికగా ఉంటుంది, వాన పడేది ఆ చలికాలంలోనే. ఆ పాఠాన్ని నమ్మి బయల్దేరదీశాను.

నీస్ నగరం దాదాపు 44 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటుంది. రష్యా తూర్పు చివర వ్లాదివోస్తోక్ కూడా కాస్త అటూ ఇటూగా అంతే ఉత్తరాన ఉంది, కానీ జనవరిలో అక్కడ సముద్రం అంచులు గడ్డకట్టుకుపోతాయి. నీస్‌లో అదే జనవరిలో పగలు 13 డిగ్రీలు, రాత్రి ఐదారు డిగ్రీలు. మన లంబసింగి తెల్లవారుజాము ఇంతకంటే చల్లగా ఉంటుంది. దీనికి కారణాలు రెండు. వేసవంతా వేడెక్కిన సముద్రం ఆ వేడిని చలికాలంలో నెమ్మదిగా వదులుతుంది. ఊరి వెనకే ఆల్ప్స్ కొండలు మూడు వేల మీటర్లు దాటి లేచి ఉత్తరపు గాలిని ఆపుతాయి. ఆకాశం తేటగా ఉన్న రోజు సముద్రపు ఒడ్డున నిలబడితే వెనక మంచు శిఖరాలు కనిపిస్తాయి, ముందు ఎండలో నీలం నీళ్లు. ఈ రెండూ ఒకే చూపులో పడే చోటు పాఠం చెప్పిన నేనూ ఊహించలేదు. అయితే ఫ్రాన్స్ దక్షిణ తీరమంతా ఇంతే అనుకోకండి. పడమరన మార్సెయ్ వైపు రోన్ నది లోయలోంచి మిస్త్రల్ అనే గాలి దూసుకొస్తుంది, అది మొదలైతే అక్కడ ఎండకు అర్థం ఉండదు. నీస్, దానికి తూర్పున ఇటలీ సరిహద్దు దగ్గరున్న మెంటన్ ఆ గాలి దారికి దూరంగా ఉన్నాయి.

ఇక 'ఆఫ్ సీజన్' సంగతి. చరిత్ర తీస్తే ఆ తీరానికి అసలు సీజనే చలికాలం. పద్దెనిమిదో శతాబ్దం నుంచే ఇంగ్లండ్ ధనవంతులు తమ ఊళ్ల మంచు, పొగ తప్పించుకుని అక్టోబరు దాటాక నీస్ చేరి వసంతం దాకా ఉండిపోయేవారు. 1820ల మొదట్లో ఒక ఏడాది విపరీతమైన చలికి నారింజ తోటలు మాడిపోయి కూలీలకు పని లేకుండా పోయింది. అప్పుడు లూయిస్ వే అనే ఇంగ్లిష్ మతాచార్యుడు తోటి చలికాలపు అతిథుల దగ్గర చందాలు పోగుచేసి, ఆ కూలీలతో సముద్రం వెంబడి కాలిబాట వేయించాడు. మన పెద్దలు కరువు పనులు అనేవారే, సరిగ్గా అలాంటి పని. ఇవాళ లోకమంతా ఫొటోలు దిగే ప్రామినాడ్ దెజాంగ్లే అనే ఏడు కిలోమీటర్ల రోడ్డు ఆ బాట నుంచి పెరిగిందే. 1864లో రైలు వచ్చాక రష్యన్ ప్రభువులూ దిగారు. 1912లో పూర్తయిన వాళ్ల చర్చి ఉల్లిపాయ గుమ్మటాలతో స్టేషన్‌కు దగ్గర్లోనే ఉంది. విక్టోరియా మహారాణి వచ్చి ఉండేందుకు సిమియే గుట్ట మీద 1897లో రెజీనా అనే పెద్ద హోటల్ లేచింది. ఆ రోజుల్లో ఎండలు ముదిరితే హోటళ్లకు తాళాలు వేసేవారు. వేసవి జనం తర్వాతి సంగతి. 1936లో ఫ్రాన్స్ ప్రభుత్వం కార్మికులకు రెండు వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చాక మామూలు కుటుంబాలు ఆగస్టులో సముద్రానికి రావడం పెరిగింది. అది మంచి మార్పు, నాకు ఇష్టమైన మార్పు. కానీ దాని వల్ల పాత సీజన్ చెడ్డ కాలం అయిపోదు కదా. 2021లో యునెస్కో నీస్‌కు ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. రివియేరా తీరపు చలికాల విడిది పట్టణమనే పేరు మీదే ఇచ్చింది. యునెస్కో జాబితాలో చలికాలపు ఊరిగా ఉన్నదాన్ని మనం మన పట్టికలో చలికాలంలో వెళ్లకూడని ఊరని వేస్తున్నాం.

అక్కడి రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. పొద్దున తొమ్మిది దాటాక ఎండ సముద్రపు రోడ్డు మీద పడుతుంది. అక్కడ నీలం రంగు కుర్చీలుంటాయి, ఎవరైనా కూర్చోవచ్చు, డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. ఊళ్లోని పెద్దవాళ్లు కోటు గుండీలు విప్పుకుని, ముఖం ఎండకు పెట్టి, కళ్లు మూసుకుని గంటలకొద్దీ కూర్చుంటారు. మా వారూ వాళ్లలో ఒకరైపోయారు. భాష రాకపోయినా పక్కవాళ్లు రోజూ "బోంజూర్" అని పలకరించేవారు, నాలుగు రోజులు కనబడకపోతే చేతి సైగలతో ఎక్కడికెళ్లారని అడిగేవారు. ఆగస్టు జనంలో ఈ పలకరింపు దొరకదని మా అబ్బాయి చెప్పాడు. కిందికి దిగితే ఇసుక ఉండదు, అంతా బూడిదరంగు గులకరాళ్లు. అల వెనక్కి వెళ్లేటప్పుడు ఆ రాళ్లన్నీ ఒకదానిమీద ఒకటి దొర్లి గలగలమంటాయి. కాకినాడ, ఉప్పాడ ఒడ్డున పెరిగిన నాకు సముద్రం చప్పుడు ఇలా కూడా ఉంటుందని అక్కడే తెలిసింది. మోకాళ్లు బాగాలేనివాళ్లు మాత్రం ఆ రాళ్ల మీదికి దిగకపోవడమే మేలు. పాతకోట గుట్ట ఎక్కడానికి లిఫ్ట్ ఉంది, అదీ ఉచితమే.

కూర్ సలేయా అనే బజారు పూలకూ కూరగాయలకూ పేరు. సోమవారం మాత్రం అక్కడ పాత సామాన్లు అమ్ముతారు, కూరగాయలుండవు. ఫిబ్రవరిలో అక్కడ పసుపుపచ్చటి పూల మిమోసా కొమ్మలు కట్టలుగా వస్తాయి. అది మన తుమ్మ జాతే. ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటితే కాన్ అనే ఊరి పక్కనున్న కొండలన్నీ అల్లుకుపోయిందట. ఆ పాత ఊరి సందుల్లోనే సోకా అమ్ముతారు. శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె, అంతే సరుకు. బాగా వెడల్పున్న రాగి పళ్లెంలో నూనె పోసి, పిండి పలచగా పరిచి, కట్టెల పొయ్యిలోకి తోస్తారు. కాసేపటికి పైన నల్లటి బొబ్బలు లేస్తాయి. బయటికి తీసి అట్లకాడ లాంటిదానితో గీరి, ముక్కలు కాగితంలో వేసి, మిరియాల పొడి చల్లి చేతికిస్తారు. అంచులు కరకరలాడతాయి, మధ్యలో మెత్తగా మన శనగపిండి అట్టులాగే ఉంటుంది. శాకాహారులు భయపడకుండా తినొచ్చు. దాని పక్కనే ఉల్లిపాయల రొట్టె ఒకటుంటుంది, పిస్సలదియేర్ అంటారు. చూడటానికి శాకాహారంలా ఉన్నా అందులో చిన్న చేపలు వేస్తారు, గమనించుకోండి.

నీస్ నుంచి ఇటలీ సరిహద్దు దాకా రైలు సముద్రాన్ని ఆనుకునే పోతుంది. విల్‌ఫ్రాంష్, మొనాకో దాటి ముప్పావుగంటలోపు మెంటన్ చేరుస్తుంది. నాకు ఎక్కువ నచ్చిన ఊరు మెంటనే. 1859లో జేమ్స్ హెన్రీ బెనెట్ అనే ఇంగ్లిష్ డాక్టరు క్షయతో, ఇక బతకననుకుని అక్కడికి వచ్చాడు. కోలుకున్నాడు. ఆ ఊరి చలికాలం గురించి పుస్తకం రాశాడు, దాంతో ఐరోపా నలుమూలల నుంచి రోగులు బారులు తీరారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం గురించి విన్నవాళ్లకు ఈ కథ తెలిసినట్టే ఉంటుంది. మందు లేని రోజుల్లో గాలి, ఎండ, విశ్రాంతే వైద్యం. అందరూ కోలుకోలేదు. ఊరి పైన పాత కోట చోట ఉన్న శ్మశానంలో సమాధుల మీద తేదీలు చదువుతుంటే ఇరవైలు, ముప్పైలు దాటని పిల్లలే ఎక్కువగా కనిపించారు. అక్కడ నేను చాలాసేపు ఉండిపోయాను. రగ్బీ ఆట పుట్టుకతో పేరు ముడిపడిన విలియం వెబ్ ఎలిస్ సమాధీ అక్కడే ఉంది, 1872లో పోయాడు.

అదే ఊళ్లో ఫిబ్రవరిలో నిమ్మకాయల పండుగ చేస్తారు. వంద టన్నులకు పైగా నిమ్మ, నారింజ కాయల్ని రబ్బరు బ్యాండ్లతో ఒక్కొక్కటిగా కట్టి ఇళ్లంత ఎత్తు బొమ్మలు నిలబెడతారు. ఆ కాయలు చాలావరకు స్పెయిన్ నుంచి తెచ్చినవి. మెంటన్ సొంత నిమ్మకాయ అంత తేలిగ్గా ఖర్చుపెట్టే సరుకు కాదు. మన ఉప్పాడ జాందానీకి ఉన్నట్టే దానికీ 2015 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది. తొక్క మందం, వాసన ఎక్కువ, పులుపు మనదానికంటే తక్కువ. గూడూరు నిమ్మకాయతో పచ్చడి పెట్టే చేతులకు దాని పులుపు చాలదు కానీ, తొక్కతో పాటు తినేయొచ్చు.

ఇబ్బందులు దాచను. అక్టోబరు, నవంబరుల్లో అక్కడ వానలు జోరు, ఆ నెలలు వద్దు. డిసెంబరులో సాయంత్రం అయిదు కాకముందే పొద్దుగుంకుతుంది. ఎండలో ఉన్నంతసేపూ హాయి, నీడలోకి అడుగుపెడితే వేరే ఊరు. పొద్దు వాలగానే చలి ఒక్కసారిగా దిగుతుంది. ఆ కాలపు డాక్టర్లు రోగులను సూర్యాస్తమయానికి ముందే ఇల్లు చేరమనేవారట, ఆ మాట ఇప్పటికీ పాటించదగ్గదే. ఇళ్లలో కింద పలకరాళ్లు, ఉత్తి కాళ్లతో తిరిగే మన అలవాటుకు అవి మంచుగడ్డల్లా తగులుతాయి. ఉన్ని సాక్సులు తప్పనిసరి. హోటళ్లు కొన్ని నవంబరులోనో జనవరిలోనో సెలవు బోర్డు పెడతాయి, ఏజెంటు చెప్పినదాంట్లో నిజం అంతవరకే. బజార్లు, రైళ్లు, ట్రాములు, మ్యూజియాలు నడుస్తూనే ఉంటాయి. గదుల అద్దెలు వేసవికంటే బాగా తక్కువ, ఒక్క కార్నివాల్ అనే ఊరేగింపుల పండుగ రోజుల్లో మళ్లీ పెరుగుతాయి.

ఇక ఎండాకాలం తప్పించుకోవాలన్న వాదన. మే నెలలో ఇక్కడి నుంచి వెళ్లి జులై, ఆగస్టు దాకా ఉండేవాళ్లు అక్కడి ఎండలో ఏసీ లేని ఫ్లాట్లలో మగ్గుతారు. రోడ్ల మీద, రైళ్లలో కాలు పెట్టే చోటుండదు. పెద్దవాళ్లకు కూర్చోవడానికి కుర్చీ, నడవడానికి ఖాళీ బాట, మాట్లాడటానికి తీరికున్న మనుషులు కావాలి. అవి ఫిబ్రవరిలో దొరుకుతాయి.

ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా మీద ఎటూ 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండనివ్వరు. కాబట్టి నా సలహా ఇది. సంక్రాంతి మనవాళ్లతో ఇంట్లోనే చేసుకోండి. కనుమ వెళ్లాక బయల్దేరండి. మిమోసా, నిమ్మకాయల పండుగ, కార్నివాల్ అన్నీ ఫిబ్రవరిలోనే చూసేయొచ్చు. అప్పటికి పగళ్లూ పొడుగవుతుంటాయి. ఉగాది పచ్చడి నాటికి తిరిగి ఇంట్లో ఉంటారు.

మీరు చేయవలసింది చిన్న పని. ఆ పట్టికలో యూరప్‌ను ఒకే వరుసగా కాకుండా కనీసం ఉత్తరం, మధ్యధరా తీరం అని రెండుగా వేయండి. రెండోదాని ఎదురుగా ఫిబ్రవరి, మార్చి చేర్చండి. ఈ ఉత్తరం అచ్చువేసే ఉద్దేశం ఉంటే దసరా, దీపావళి రోజుల్లో వేయమని మనవి. వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే ఇవ్వొచ్చు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కాగితం జతచేయాలి, వేలిముద్రలకు హైదరాబాద్ వెళ్లిరావాలి. జనవరిలో వేస్తే ఆ ఏడాదికి ఎవరికీ అందదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ టీచర్,
కాకినాడ