షవర్ నీళ్ల సంగతి: మా హోటల్లో దిగేవాళ్లకు

తరచూ మా దగ్గర దిగే ఒకాయన పోయిన వారం ఫోన్ చేశారు. ఎక్కడో హోటల్లో ఉండి వెళ్లిన మనిషి న్యుమోనియాతో చనిపోతే, ఇంటివాళ్లు హోటల్ మీద కేసు వేశారని చదివారట. "మీ దగ్గర నీళ్లు బాగానే ఉంటాయిగా?" అన్నారు. "ఉంటాయండీ" అనేశాను. పెట్టేశాక గుర్తొచ్చింది, నేనెప్పుడూ కొలిచి చూడలేదని.

మర్నాడు థర్మామీటర్ పట్టుకెళ్లాను. బాయిలర్‌లో 48 డిగ్రీలు. కరెంటు ఖర్చు కలిసొస్తుందని తగ్గించింది నేనే. పైఅంతస్తు చివరి గదుల షవర్లకు చేరేసరికి 41. ఒంటికి హాయిగా ఉండే వేడి. లీజియనెల్లా అనే బాక్టీరియాకు కూడా అదే హాయి. 20 నుంచి 45 డిగ్రీల మధ్య, ముఖ్యంగా వాడకుండా నిలిచిపోయిన పైపుల్లో, అది పెరుగుతుంది. 60 డిగ్రీల దగ్గర చస్తుంది. షవర్ తుంపరల్లో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆ చివరి గదులు నెలల తరబడి ఖాళీగానే ఉన్నాయి.

1976లో ఫిలడెల్ఫియాలోని బెల్వ్యూ స్ట్రాట్‌ఫర్డ్ హోటల్లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సభ జరిగింది. ఈ బాక్టీరియాతో వచ్చే న్యుమోనియాకు లీజియనేర్స్ జబ్బు అని పేరొచ్చింది అక్కడే. 34 మంది పోయారు. 1977 జనవరిలో ఆ క్రిమి ఏదో తేలేసరికే, గిరాకీ పడిపోయి హోటల్ మూతపడింది. పాపం వాళ్లకు తెలిసే దారి లేదు. నాకు ఆ సాకు లేదు. ఇలాంటి కేసుల్లో లాయర్లు పట్టుకునేదీ అదే: యజమానికి తెలుసా, తెలియాల్సి ఉండిందా, తెలిసీ ఏం చేశాడు? 2012లో షికాగోలో ముగ్గురు చనిపోయిన చోట కారణం లాబీలో అందానికి పెట్టిన ఫౌంటెన్.

కేసు గెలవడం ఇంటివాళ్లకు తేలిక కాదు. రోగి కఫంలో దొరికిన క్రిమి, హోటల్ నీళ్లలోని క్రిమి ఒకటేనని చూపించగలిగితే బలం. కానీ ఆస్పత్రుల్లో ఎక్కువగా చేసేది మూత్ర పరీక్ష. జబ్బు ఉందని అది చెబుతుంది గానీ, పోల్చి చూడటానికి క్రిమి చేతికి రాదు. ఇది తెలిసి కాస్త ఊరట పడ్డాను, ఆ వెంటనే సిగ్గేసింది.

ఇప్పుడు బాయిలర్ 60 మీద ఉంది, ఒళ్లు కాలకుండా కుళాయిల దగ్గర చల్లనీళ్లు కలిపే వాల్వులు పెట్టించాను. ఖాళీ గదుల్లో వారానికోసారి నీళ్లు వదులుతున్నాం. షవర్ తలలు విప్పి, గార గీకించాం (ఒకదాంట్లో ఉన్న బురద చూసి మా ప్లంబర్ కూడా నోరు తెరిచాడు). నీళ్లు ల్యాబ్‌కు పంపాను, ఫలితం ఇంకా రాలేదు. వచ్చేదాకా పైఅంతస్తు మూసేశాను. అక్కడ బుక్ చేసుకున్నవాళ్లకు పూర్తి డబ్బు వెనక్కి ఇస్తాను.

ఇవన్నీ రాసిపెట్టకు, రేపు నీ మీదికే వస్తాయని ఒక మిత్రుడు హెచ్చరించాడు. రావచ్చు. అయినా గత రెండు వారాల్లో మా దగ్గర ఉండి వెళ్లినవాళ్లకు జ్వరం, దగ్గు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకండి. హోటల్లో దిగామని డాక్టరుకు చెప్పండి. పెన్సిలిన్ జాతి మందులు దీని మీద పనిచేయవు, వేరే యాంటీబయాటిక్ కావాలి. ఆ తర్వాత నాకూ ఒక ఫోన్ చేయండి. ల్యాబ్ రిపోర్టు ఎలా వచ్చినా రిసెప్షన్ గోడకు అంటిస్తాను.