ఖరీదైన ట్యాబ్‌ల పెట్టెల మీద మరమ్మతు వివరాలు కూడా ముద్రించాలి

సంపాదకులకు,

అయ్యా,

దసరా దగ్గరపడిందంటే పత్రికల మొదటి పేజీ నిండా సెల్‌ఫోన్లు, ట్యాబ్‌ల ప్రకటనలే కనిపిస్తాయి. ధర, క్యాష్‌బ్యాక్, ఈఎంఐ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఆ వస్తువు ఎన్నేళ్లు నడుస్తుందో, చెడిపోతే బాగుచేయించడానికి ఎంతవుతుందో చెప్పే వాక్యం మాత్రం ఒక్కటీ ఉండదు. ఇంటర్మీడియట్ చదువుతున్న మా మనవరాలి కోసం పేరున్న కంపెనీ ట్యాబ్ ఒకటి ఈమధ్య కొన్నాక ఈ లోటు ఎంత ఖరీదైనదో మా ఇంటిల్లిపాదికీ తెలిసివచ్చింది.

ట్యాబ్‌కు 59,000 రూపాయలు చెల్లించాము. 18 శాతం జీఎస్టీ లెక్కన అందులో 9,000 పన్నే. రాసుకోవడానికి కావలసిన పెన్సిల్ విడిగా కొనాలి, కీబోర్డు ఉన్న కవరు విడిగా కొనాలి, పెట్టెలో చార్జర్ కూడా లేదు. ఇవన్నీ కలుపుకుంటే ఒక మంచి ల్యాప్‌టాప్ ధర దాటిపోయింది. షోరూంలో గోడకు వరసగా పేర్చిన ట్యాబ్‌లలో పూర్తి వెలుతురుతో కొండలు, జలపాతాల వీడియోలు నడుస్తూ ఉంటాయి. వాటిని చూసి ముచ్చటపడని వారుండరు. అయితే కొనే పిల్లలకు కావలసింది పీడీఎఫ్ పాఠాలు చదువుకోవడం, లెక్కలు చేసుకోవడం. ఆ పని చేసి చూసుకునే వీలు అక్కడ ఉండదు, డెమో ట్యాబ్‌లు తాళ్లతో బల్లకు బిగించి ఉంటాయి.

ఇంటికి వచ్చాక బయటపడిన లోపం ఇది. ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుని పాఠం పేజీని వేలితో పైకి జరిపితే, కుడివైపు అక్షరాలు ముందు కదిలి ఎడమవైపువి ఒక్క క్షణం వెనకబడతాయి. కదులుతున్నంత సేపూ ప్రతి పంక్తీ ఏటవాలుగా ఒరిగి, వేలు ఆగగానే మళ్లీ సర్దుకుంటుంది. ‘తాతయ్యా, కాసేపు చదివితే తల తిరుగుతోంది’ అని అమ్మాయి చెప్పినప్పుడు మొదట కళ్లద్దాల డాక్టరు దగ్గరికి వెళ్లాలేమో అనుకున్నాము. ట్యాబ్‌ను అడ్డంగా తిప్పి అదే పేజీని జరిపితే ఆ ఒరుగు పూర్తిగా మాయమైంది. దీనికి కారణం అంతుపట్టనిదేమీ కాదు. ఎల్‌సీడీ తెర మీద బొమ్మ మొత్తం ఒక్కసారిగా మారదు, ఒక అంచు నుంచి రెండో అంచు దాకా వరస తరువాత వరస మారుతూ పోతుంది. సెకనుకు 60 సార్లు మారే తెరలో అందుకు సుమారు 16 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ వరసలు పైనుంచి కిందికి నడిస్తే కంటికి పట్టదు. ట్యాబ్‌ను మామూలుగా పట్టుకునే తీరులో అవి పక్క నుంచి పక్కకు నడిచేలా తెరను అమర్చితే, సగం పేజీ మిగతా సగం కంటే వెనక నడుస్తున్నట్టు కనిపిస్తుంది. అంటే ఇది వాడకంలో వచ్చిన చెడు కాదు, డిజైను చేసిన నాడే తెలిసి ఉండవలసిన సంగతి. సెకనుకు 120 సార్లు మారే తెరకు ఇందులో సగం సమయమే పడుతుంది, కానీ ఆ తెర కావాలంటే మరింత ఖరీదైన మోడల్‌కు పోవాలి.

బొమ్మల రంగులు బాగున్నాయి, స్పీకర్ల శబ్దం కూడా ముచ్చటగానే ఉంది. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది.

సర్వీసు సెంటర్‌లోని యువకుడు మర్యాదగానే మాట్లాడాడు. పేజీ ఒరగడం అతని కంటికీ కనిపించింది. ‘ఈ మోడల్ అన్నీ ఇంతే సార్, ఇది నార్మలే’ అంటూ ‘పరీక్షించాము, లోపం లేదు’ అని రాసిన కాగితం చేతికిచ్చాడు. ఒకే లోపం అన్నిటిలోనూ ఉంటే అది లోపం కాకుండా పోతుందన్న తర్కం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. అమ్మిన షాపుకు వెళితే బిల్లు అడుగున ముద్రించిన ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న వాక్యాన్ని చూపించారు. మన నగరంలో ఎన్ని బిల్లుల మీద ఈ వాక్యం ఉంటుందో పాఠకులకు చెప్పనక్కరలేదు. 2020 జులై నుంచి అమలులో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం, లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేదీ చెప్పకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా లెక్కిస్తుంది. నాణ్యతలో గాని ప్రమాణంలో గాని ఏ కొరత ఉన్నా దాన్ని లోపమనే ఆ చట్టం నిర్వచించింది. మేము వినియోగదారుల కోసం ఉన్న 1915 హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాము. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాము. ఇప్పుడు నివసించే చోటనే కేసు వేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు రుసుము కూడా లేదు. అయితే వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపవలసి వస్తే కేసు తేల్చడానికి చట్టం చెప్పిన గడువే 5 నెలలు. పరీక్షలు దగ్గరపడిన పిల్లకు అంతవరకు ఏ తెర మీద చదువుకోమని చెప్పాలి?

మరమ్మతు సంగతి విచారిద్దామని అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్‌కు వెళ్లాను. చిన్న బల్ల ముందు భూతద్దం పెట్టుకుని కూర్చున్న మెకానిక్ ఒకరు అదే కంపెనీ పాత ట్యాబ్‌ను విప్పుతున్నారు. మరలు ఎక్కడా లేవు. అంచులను వేడిచేసి, జిగురు మెత్తబడ్డాక పలుచని ప్లాస్టిక్ ముక్కను లోపలికి దూర్చి, అద్దాన్ని వెంట్రుకవాసి చొప్పున పైకి లేపుతున్నారు. చెయ్యి కాస్త తొందరపడితే తెర పగులుతుందట. లోపల బ్యాటరీని కూడా జిగురుతోనే అతికించారు. లిథియం బ్యాటరీ ఏనాటికైనా నీరసించక తప్పదని తెలిసిన కంపెనీయే దాన్ని మార్చే పనిని ఇంత కష్టం చేసిందంటే, బ్యాటరీ పోయిన రోజున మనం కొత్త ట్యాబ్ కొనాలన్నదే వారి ఆలోచన అని నేను అనుకుంటున్నాను. కంపెనీ సర్వీసు సెంటర్‌లో తెర మార్చడానికి చెప్పిన ధర కొన్న ధరలో సగానికి దగ్గరగా ఉంది. ఈ మాట కొనే ముందే తెలిసి ఉంటే మేము ల్యాప్‌టాప్ వైపే మొగ్గేవాళ్లము.

ఇవన్నీ ముందే చెప్పడం కంపెనీలకు అసాధ్యమేమీ కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్తగా మార్కెట్‌లోకి వచ్చే ఫోన్లకు, ట్యాబ్‌లకు బ్యాటరీ ఎంతకాలం మన్నుతుందో, కింద పడితే ఎంత తట్టుకుంటుందో, మరమ్మతు ఎంత సులభమో తెలిపే లేబుల్ తప్పనిసరి అయింది. బ్యాటరీ 800 సార్లు చార్జి చేశాక కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి, మోడల్ అమ్మకాలు ఆగిన తరువాత 7 ఏళ్ల పాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. ఇవే కంపెనీలు అక్కడ ఈ నిబంధనలకు లోబడి వ్యాపారం చేసుకుంటున్నాయి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులకు, బాగుచేయడం ఎంత సులభమో చెప్పే మరమ్మతు సూచిక ఉండాలని ఆ శాఖ నియమించిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. మేము కొన్న పెట్టె మీద మాత్రం ఆ సూచిక జాడ లేదు.

తూనికలు, కొలతల చట్టం కింద 2011లో వచ్చిన ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు ఉండాలి. వాటి పక్కనే మరో మూడు వివరాలకు చోటు దొరకదా? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారు, బ్యాటరీకి, తెరకు కంపెనీ తీసుకునే మార్పిడి ధర ఎంత, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి అన్నవి కేంద్రం తప్పనిసరి చేయాలి. అంతవరకు వీటిని షోరూంలో ధర చీటీ మీదనైనా రాయించేలా రాష్ట్ర అధికారులు వ్యాపారులతో మాట్లాడాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. కొత్త ట్యాబ్‌లను పరిచయం చేసే శీర్షికలో కెమెరా మెగాపిక్సెళ్లు, ప్రాసెసర్ పేరు రాస్తున్నారు, సంతోషం. వాటితో పాటు ఆ ట్యాబ్ తెర మార్చడానికి ఎంతవుతుందో కంపెనీని అడిగి ప్రచురించండి. కంపెనీ జవాబివ్వకపోతే ఆ మాటే ప్రచురించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్