మధ్యాహ్నం మూడింటికి నీడ ఎటు పడుతోంది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మన నగరం రాత్రిళ్లు కళకళలాడుతోందని, దుకాణాలను ఇంకా పొద్దుపోయే దాకా తెరిచి ఉంచనివ్వాలని మీ పత్రికలో వరుసగా వార్తలు వస్తున్నాయి. రాత్రి సందడి మీద నాకు కోపం లేదు. ఎండలు మండే ఊళ్లో జనం చల్లబడ్డాక బయటికి రావడం సహజమే, నేనూ వెళ్తాను. కానీ ఏడాదిలో నాలుగైదు నెలలు పొద్దున పది దాటిందంటే వీధులు బోసిపోతున్నాయి. ఎండాకాలం ఇంతే అని సరిపెట్టుకోవడం నాకు నచ్చడం లేదు. పగటిని చేతులారా వదిలేసుకుంటున్నాం. అలా వదిలేస్తే ఎవరికి నష్టమో ఎవరూ అడగడం లేదు.

మా అమ్మకు 71 ఏళ్లు. చీకటి పడ్డాక ఆమెకు చూపు సరిగా ఆనదు. రాత్రి తొమ్మిదింటికి వెలిగిపోయే ఊరు ఆమెకు ఉన్నా లేనట్టే. పోయిన మే నెలలో ఒకరోజు కంటి పరీక్ష చేయించుకుని మధ్యాహ్నం మూడింటికి మేమిద్దరం బస్టాపుకు వచ్చాం. ఆ స్టాపు రోడ్డుకు తూర్పు పక్కన, పడమటి ముఖంగా ఉంది. కప్పు ఉంది, స్టీలు బెంచీ ఉంది, వెనక పెద్ద ప్రకటనల బోర్డు ఉంది. ఎండ మాత్రం ఎదురుగా, కప్పు కింద నుంచి దూరి సరిగ్గా బెంచీ మీద పడుతోంది. అమ్మ కూర్చోబోయి బెంచీ మీద చెయ్యి ఆనించి, చురుక్కుమనగానే తీసేసింది. నీడంతా షెల్టరు వెనకాల ఉంది. అప్పటికే ఏడెనిమిది మంది బోర్డు వెనక ఒదిగి నిలబడ్డారు. మేమూ వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డాం.

బస్సు వచ్చింది. స్టాపులో ఒక్క మనిషీ కనబడకపోయేసరికి ఆపకుండా వెళ్లిపోయింది. కేకలు వేస్తూ అందరం పరుగెత్తాం. అమ్మ రెండడుగులు వేసి ఆగిపోయింది. తర్వాతి బస్సు వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఒకరి తర్వాత ఒకరం ఎండలోకి వెళ్లి బస్సు కోసం కాపలా కాశాం. డ్రైవరును తప్పుపట్టను. ఖాళీ స్టాపు కనిపిస్తే ఎవరు ఆపుతారు? ఆ షెల్టరు కట్టినవాళ్లు మధ్యాహ్నం మూడింటికి సూర్యుడు ఎటు ఉంటాడో ఒక్కసారి చూసుకోవాల్సింది. కప్పును ఇంకో మూడడుగులు ముందుకు దించినా, పక్కన ఒక గుబురు చెట్టు ఉన్నా సరిపోయేది. అమ్మ ఆ తర్వాత ఎండాకాలం అయ్యేదాకా పగలు గడప దాటలేదు.

రోజూ మీరు అచ్చువేసే ఉష్ణోగ్రత గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది నీడలో కొలిచింది. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరును గాలి ఆడే తెల్లటి పెట్టెలో, ఎండ తగలకుండా, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున పెడతారు. 42 డిగ్రీలని మీరు రాస్తే, అది నీడలో ఉన్న గాలి వేడి. ఎండలో నిలబడ్డ మనిషికి ఆ గాలితో పాటు నెత్తిన సూర్యుడు, కాళ్ల కింద తారు, పక్కన కాలిన గోడ కూడా తోడవుతాయి. అలాంటి రోజున తారు రోడ్డు 60 డిగ్రీలు దాటడం మామూలే. ఊరంతటా గాలి వేడిని తగ్గించడం ఏ నగరపాలక సంస్థకైనా ఏళ్లు పట్టే పని. మిగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని నీడ ఈ రోజే ఆపగలదు. 42 డిగ్రీల్లో మా అమ్మ చెట్ల కింద పది నిమిషాలు మెల్లగా నడుస్తుంది. అంతే వేడి గాలిలో, ఎండన ఆ పది నిమిషాలు ఆమె వల్ల కాదు. ఇంకో సంగతి, పగలంతా ఎండ తాగిన రోడ్లు, గోడలే రాత్రంతా ఆ వేడిని కక్కుతాయి. కాబట్టి రాత్రి సందడి కావాలనేవాళ్లకు కూడా పగటి నీడతో పని ఉంది.

నీడ అక్కడక్కడా ఉంటే చాలదు. నడిచే దారి పొడుగునా ఉండాలి. మధ్యలో రెండు వందల అడుగులు ఎండ ఉందంటే ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఇంట్లోనే ఆగిపోతారు. సింగపూర్‌లో రైలు స్టేషన్ల చుట్టూ 400 మీటర్ల లోపల ఉన్న బడులు, ఆసుపత్రుల వంటి చోట్లకు కప్పు ఉన్న నడకదారులు వేస్తూ వచ్చారు. 2018 నాటికి అక్కడ అలాంటి దారులు మొత్తం 200 కిలోమీటర్లకు చేరాయి. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో వేసవి రాగానే పాత బజారు వీధుల మీద ఈ మేడ నుంచి ఆ మేడకు గుడ్డ పందిళ్లు కడతారు, కాలం మారగానే విప్పేస్తారు. అక్కడి సందులు ఇరుకు కాబట్టి అది కుదిరింది, వెడల్పు రోడ్లకు చెట్లే దిక్కు. కొలంబియాలోని మెదెయిన్ నగరం 2016 నుంచి రోడ్ల వెంట, వాగుల వెంట 30 పచ్చని దారులు పెంచింది. ఆ చోట్ల వేడి 2 డిగ్రీల దాకా తగ్గిందని ఆ నగరం చెబుతోంది. నీడ వల్ల కలిగే మేలు వేరే, ఆ 2 డిగ్రీలు గాలి వేడిలో వచ్చిన తేడా.

మనమూ మొక్కలు నాటుతున్నాం, నిజమే. ఎక్కువగా డివైడరు మీద నాటుతున్నాం. అవి పెరిగినా వాటి నీడ వాహనాల మీద పడుతుంది. నడిచేవాళ్లు ఉండేది ఫుట్‌పాత్ మీద. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు నరికిన ముప్పై ఏళ్ల చెట్టుకు బదులు నడుమెత్తు మొక్క పెట్టి లెక్క సరిపోయిందంటే బాధగా ఉంటుంది. ఆ లెక్కలో నీడ ఎక్కడుంది?

పిల్లల సంగతీ చూడండి. మా అబ్బాయికి పదేళ్లు. ఎండాకాలం వాడు ఆడుకునేది రాత్రి ఎనిమిది తర్వాత, వీధిదీపం కింద. పగటి వెలుతురులో ఆరుబయట గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసగ్గా కనిపించే సమస్య, వచ్చే ప్రమాదం తక్కువని కంటి వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలు రోజుకు 120 నిమిషాలు బయట గడిపేలా చూస్తున్నారు. ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన చూపు సమస్య ఆ తర్వాత అక్కడ తగ్గుముఖం పట్టింది. దీనికి మండుటెండ అక్కర్లేదు. చెట్టు నీడలో కూడా గదిలో కంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. ట్యూబులైటు కింద, వీధిదీపం కింద అది దొరకదు.

పగలు జనం బయటికి రావాలంటున్నానని, మిట్ట మధ్యాహ్నం కూలీలను ఎండలో నిలబెట్టమన్నట్టు తీసుకోవద్దు. ఆ విషయంలో నేను ఇంకా గట్టిగా ఉంటాను. యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా నేరుగా ఎండలో పని చేయించడం నిషేధం. అలాంటి కట్టడి ఇక్కడా కావాలి. నేను అడిగేది ఇంటి నుంచి గ్రంథాలయం దాకా, బస్టాపు దాకా, ఆరోగ్య కేంద్రం దాకా మనిషి సొమ్మసిల్లకుండా నడిచి వెళ్లే దారి. వెళ్లాక ఆ తలుపులు తెరిచి ఉండాలి కూడా. మధ్యాహ్నం మూసేసి సాయంత్రం తెరిచే గ్రంథాలయం ఎండాకాలంలో ఎవరికి? బార్సిలోనాలో గ్రంథాలయాలను, మ్యూజియాలను, కొన్ని బడులను వేసవిలో ఎవరైనా వచ్చి కూర్చునే చల్లని చోట్లుగా ప్రకటించి, మ్యాపులో చూపిస్తున్నారు. మనకూ భవనాలు ఉన్నాయి, ఫ్యాన్లు ఉన్నాయి, మంచినీళ్లు ఉన్నాయి. వేళలు మార్చి, ఒక మనిషిని కూర్చోబెడితే పని మొదలవుతుంది.

మీకు ఒక విన్నపం. మీ ఫొటోగ్రాఫర్లను ఒక ఎండరోజు మధ్యాహ్నం మూడింటికి ఊళ్లోని బస్టాపులకు పంపండి. ప్రతి చోటా బెంచీ ఎక్కడుంది, నీడ ఎక్కడుంది, జనం ఎక్కడ నిలబడ్డారు అన్నది ఒకే ఫొటోలో పడేలా తీయించి, వారం రోజుల పాటు రోజుకొకటి అచ్చువేయండి. మొదటి ఫొటోకు నేను చెప్పిన స్టాపు ఎక్కడుందో రాసిన చీటీ ఈ లేఖతో పాటు పంపుతున్నాను. అక్కడ బోర్డు వెనక జనం కనిపిస్తారు.

ఇట్లు,
మీ పాఠకురాలు