పక్కనే ఉన్న జన్యువు

రఘూ,

మొన్న నీ ఫోను పెట్టేశాక నిద్రపట్టలేదు. మూడేళ్ళు వెంటపడిన జన్యువు అది కాదని తేలిందని మన సింధు పరిశోధనే మానేస్తానంటోందా? తొందరపడవద్దని చెప్పు. థామస్ వెలెమ్స్ గురించి తనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

చిన్నప్పుడు చలిజ్వరానికి మనం మింగిన క్లోరోక్విన్ మాత్ర గుర్తుందా? ఆ చేదు ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది. ఆ మందుకు మలేరియా క్రిమి ఎందుకు లొంగడం మానేసిందన్న ఒక్క ప్రశ్న కోసం ఆయన అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఏళ్ళ తరబడి పనిచేశారు.

మన రక్తంలో ఆ క్రిమి చీలుతూ పెరుగుతుందే తప్ప, ఆడామగా కలిసేది దోమ కడుపులోనే. 1897లో మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దాన్ని పట్టుకున్నదీ అక్కడే! అంటే రెండు రకాలను సంకరం చేయాలంటే దోమే పెళ్ళిపందిరి. ఎడిన్‌బరోలో డేవిడ్ వాలికర్ ముందుగా ఎలుకల మలేరియాతో ఈ దారి వేశారు. మొండితనం ఏ జన్యువుతో పాటు సంతతికి వస్తుందో చూడాలని వెలెమ్స్ బృందం మందుకు లొంగని ఇండోచైనా రకాన్ని, లొంగే హోండురాస్ రకంతో కలిపింది. 1990లో 16 సంతతి రకాలను పరీక్షిస్తే, అప్పటిదాకా అనుమానిస్తూ వచ్చిన జన్యువుకు ఏ సంబంధమూ లేదని తేలింది.

ఏడో క్రోమోజోమ్ మీద వెతుకుతూ 1997కల్లా 36 వేల డీఎన్ఏ అక్షరాల ముక్క దగ్గరికి చేరారు. అందులో సీజీ2 అనే జన్యువు మీద గట్టి అనుమానం. తీరా దాన్ని మార్చి చూస్తే క్రిమి తీరులో తేడాయే లేదు! ఆ సంగతినీ వాళ్ళే ప్రచురించారు రఘూ. ఆయనంటే నాకు గౌరవం అక్కడే పెరిగింది.

మళ్ళీ అదే ముక్కను గాలించారు. 13 తునకలుగా విడివడి ఉండి, అంతవరకు కంటపడని జన్యువు ఒకటి పక్కనే ఉంది. 2000లో డేవిడ్ ఫిడాక్ తదితరులతో కలిసి దాన్ని బయటపెట్టారు. అదే పీఎఫ్‌సీఆర్‌టీ. దాని ప్రోటీనులో 76వ స్థానంలో లైసీన్ అనే అమైనో ఆమ్లం పోయి థ్రియోనిన్ అనే మరొకటి రావడమే కీలకం. దాంతో క్రిమి మన రక్తాన్ని అరిగించుకునే సంచిలో పేరుకోవాల్సిన మందు బయటికి జారిపోతుంది. 1993లో క్లోరోక్విన్ ఆపేసిన ఆఫ్రికా దేశం మలావీలో, మందుకు లొంగే రకాలు తిరిగి వచ్చాయని తర్వాత గుర్తుపట్టిందీ ఈ జన్యువును చూసే.

సింధును 1997 నాటి వ్యాసం, 2000 నాటి వ్యాసం పక్కపక్కన పెట్టుకుని చదవమను. ఆదివారం తనను తీసుకుని రా, బేగంపేటలో రాస్ పనిచేసిన భవనం చూపిస్తాను. మీ చెల్లెలు అప్పుడే సున్నుండలకు మినుములు వేయిస్తోంది.

నీ
శ్రీనివాస్